కొన్న ఇంట్లో సొంత చేతిపని ఎంతవరకు? బోడుప్పల్‌లో ఒక ఇంటి కేస్ స్టడీ

బోడుప్పల్‌లో 150 గజాల స్థలంలో కట్టిన విడి ఇంటిని, పని సగం మిగిలి ఉండగానే కొనుక్కున్న దంపతుల కేసు ఇది. ఆయన చర్లపల్లి పారిశ్రామికవాడలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఒక యూనిట్‌లో సూపర్‌వైజరు, ఆమె ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. బిల్డరు పునాది, పిల్లర్లు, రెండు స్లాబులు, ఇటుక గోడలు, బయటి ప్లాస్టరింగు, కింది అంతస్తు లోపలి ప్లాస్టరింగు పూర్తిచేసి, మిగతా పనులన్నీ కొన్నవారే చేయించుకోవాలన్న షరతు మీద ధర తగ్గించి అమ్మాడు. నగరానికి తూర్పున బోడుప్పల్, పీర్జాదిగూడ, ఘట్‌కేసర్ వైపు ఇలాంటి అమ్మకాలు అరుదేమీ కాదు. మిగిలిన పనులకు పర్యవేక్షకుడిగా నన్ను పెట్టుకున్నారు. చిన్న ఇళ్ల నిర్మాణ పర్యవేక్షణే నా వృత్తి.

బ్యాంకు రుణం దాదాపుగా కొనుగోలుకే సరిపోయింది. ఉప్పల్‌లో ఉంటున్న ఇంటికి నెలకు 15 వేల అద్దె కడుతూనే, కొన్న ఇంటికి వాయిదాలు మొదలుపెట్టారు. అందువల్ల కూలి ఖర్చు ఎంత వీలైతే అంత తగ్గించాలని ఒక కాగితం మీద తాము స్వయంగా చేయదలచిన పనులన్నీ రాసుకొచ్చారు. వైరింగు, నీటి పైపులు, బాత్రూం టైల్స్, లప్పం (రంగుకు ముందు గోడను నునుపు చేసే పూత), రంగులు, డాబా మీద వాటర్‌ప్రూఫింగు, వెనక గల్లీలో బండల పరుపు, అన్నీ అందులో ఉన్నాయి. "సార్, మెటీరియల్‌కు ఎంతో కూలికీ అంత అవుతోంది. మాకు చేతనైంది మేం చేసుకుంటే తప్పేముంది?" అని ఆయన అడిగారు. అడగడంలో తప్పేమీ లేదు, పైగా చేతిపని అలవాటున్న మనిషి. లేత్ యంత్రం మీద మిల్లీమీటరులో పదో వంతు తేడాను పట్టుకోగల కన్ను ఆయనది. అయితే చేతనవడం, చేయదగడం ఒకటి కావు కాబట్టి, ఏ పని ఎవరు చేయాలో ముందుగా తేల్చుకున్నాం.

పనిని ఎలా పంచాం

ప్రతి పనికీ రెండు ప్రశ్నలు వేసుకున్నాం. పొరపాటు జరిగితే అది కంటికి కనిపిస్తుందా? కనిపించాక, పూర్తయిన ఇంకో పనిని పగలగొట్టకుండా దాన్ని సరిచేయగలమా? రెండింటికీ అవునని జవాబు వస్తేనే ఆ పని ఇంటివారి జాబితాలోకి పోతుంది. గోడకు వేసిన రంగు చారలు పడితే ఇంకో కోటు వేసుకోవచ్చు. బాత్రూం కింద పైపు జాయింటు కారితే మాత్రం ఆ సంగతి టైల్స్ వేసి, గృహప్రవేశం అయి, కింది గది సీలింగు నల్లబడ్డాక గాని తెలియదు, తెలిసిన రోజున పగిలేది పైపు ఒక్కటే కాదు. వీటితోపాటు, ఎత్తు మీద నిలబడి చేయాల్సిన పనిని, కరెంటుతో ముడిపడ్డ పనిని, ఎంత సులువుగా అనిపించినా, ఇంటివారికి ఇవ్వకూడదని అనుకున్నాం.

ఈ ఆలోచన నా సొంతం కాదు. ఇందోర్‌లో బాలకృష్ణ దోషి రూపొందించిన అరణ్య కాలనీలో పేద కుటుంబాలకు స్థలంతోపాటు అరుగు, మరుగుదొడ్డి, నీటి వసతి ఇచ్చి, గదులను వారి వీలును బట్టి వారినే కట్టుకోనిచ్చారు. చిలీలోని ఇకీకే పట్టణంలో అలెహాండ్రో అరవేనా బృందం 2004లో పూర్తిచేసిన కాలనీలోనూ ఒక్కో ఇంట్లో సగమే కట్టి ఇచ్చారు. ఆ సగంలో వంటగది, స్నానాల గది, మెట్లు, ఇంటిని నిలబెట్టే గోడలు ఉన్నాయి. అంటే సామాన్య కుటుంబానికి సొంతంగా చేసుకోవడం కష్టమైన సగాన్ని నిపుణులు తీసుకుని, పొరపాటు జరిగినా తట్టుకోగలిగిన సగాన్ని ఇంటివారికి వదిలారు. మన శివారు బిల్డర్లు వదిలేసే సగం అలాంటిది కాదు. పైపులు, వైరింగు, వాటర్‌ప్రూఫింగు లాంటి దాగిపోయే పనులన్నీ ఆ మిగులులోనే ఉంటాయి. పని మిగిలిన ఇల్లు కొనేవారు మొదట గమనించాల్సిన తేడా ఇదేనని నా అభిప్రాయం.

వైరింగు

ఆయన జాబితాలో మొదట కొట్టేసింది ఇదే. కర్మాగారంలో మోటార్లు విప్పి బిగించిన అనుభవం ఉంది కాబట్టి ఆయనకు ఇది కొంత కష్టంగానే అనిపించింది. విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం ఇంట్లో వైరింగు పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలి. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చుల లాంటివి ఉన్నవి ఉన్నట్టుగా మార్చుకోవడానికి మాత్రమే మినహాయింపు ఉంది. నిబంధన మాట అలా ఉంచినా, గోడలో దాగిన తీగ సైజు తక్కువైతే ఆ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజరుకు 4 చొప్పున విడివిడి లైన్లు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చు), సరైన ఎర్తింగు కావాలని ఎలక్ట్రీషియన్‌కు రాతపూర్వకంగా ఇచ్చాం. తెచ్చిన తీగ చుట్టల మీద ముద్రించిన సైజును ఇంటి యజమానే ఒక్కొక్కటిగా చూసి తీసుకున్నారు.

దంపతులకు ఇచ్చిన పని వేరు. ఏ గదిలో మంచం ఎక్కడ, బల్ల ఎక్కడ, మిక్సీ ఎక్కడ, పిల్లలు చదువుకునే చోటు ఎక్కడ అన్నది వారికే బాగా తెలుసు కాబట్టి, పాయింట్లన్నీ గోడల మీద సుద్దతో వారే గుర్తు పెట్టారు. గాడులు కొట్టి పైపులు బిగించాక, ప్లాస్టరింగు మూయకముందే, ప్రతి గోడకూ నేల నుంచి, మూల నుంచి టేపు పట్టి, అంకెలు కనిపించేలా ఫొటోలు తీశారు. మామూలు ఇళ్లలో ఈ పనిని ఎవరూ చేయరు, ఎందుకంటే అది ఎవరి కూలిలోనూ లేదు. తర్వాత వంటగదిలో చిమ్నీ బిగించే కుర్రాడు డ్రిల్లు పెట్టబోయిన చోట సరిగ్గా గోడ లోపలే పైపు ఉన్న సంగతి ఆ ఫొటోలోనే తేలింది.

తడపడం

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన భాగం ఇది. పై అంతస్తు లోపలి ప్లాస్టరింగు, మెట్ల మీది హెడ్‌రూం స్లాబు ఏప్రిల్‌లో పడ్డాయి. హైదరాబాదులో ఆ నెల కొన్ని మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటుతాయి. సిమెంటు ఎండి గట్టిపడుతుందనే భావన ఇంటివారిలోనే కాదు, కొందరు కూలీల్లోనూ ఉంది. నిజానికి నీటితో జరిగే రసాయన చర్య వల్లే అది గట్టిపడుతుంది, నీరు ముందే ఆవిరైపోతే ఆ చర్య మధ్యలో ఆగిపోతుంది. కాంక్రీటుకు సంబంధించిన ఐఎస్ 456:2000 ప్రమాణం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ లాంటివి కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడి ఆరకూడదని చెబుతుంది. వేడిగా, పొడిగా ఉండే వాతావరణంలో 10 రోజులకు తగ్గకూడదు, కలిపిన సిమెంటు అయితే 14 రోజులు ఉంచడం మేలు. మనం బజారులో కొనే సిమెంటు ఎక్కువగా ఈ కలిపిన రకమే.

ప్లాస్టరింగు మేస్త్రీకి చదరపు అడుగు లెక్కన డబ్బు ముడుతుంది. నీళ్లు కొట్టడం ఆ లెక్కలో ఉండదు. వాచ్‌మన్ ఉన్న చోట అతనిమీద వేస్తారు, లేని చోట ఎవరూ పట్టించుకోరు. మా మేస్త్రీ పాలమూరు మనిషి, పెద్దవాడు, ముందే తేల్చి చెప్పాడు. "సార్, గిలాబు మంచిగ చేసిస్తం. నీళ్ల సంగతి మాత్రం మీరే చూసుకోవాలె. నేను పొద్దుగాల ఇంకో సైటుకు పోతా." దాపరికం లేని మాట. ఆ పనిని దంపతులకు అప్పగించాం.

ఆమె ఒక నోటుపుస్తకం పెట్టి, గోడకు ఒక పేజీ కేటాయించి, ప్లాస్టరింగు అయిన తేదీ, తడిపిన వేళలు రాశారు. ఉదయం పాఠశాలకు వెళ్లేముందు ఆమె, మధ్యాహ్నం ఆటోలో వచ్చి అత్తగారు, సాయంత్రం షిఫ్టు దిగి ఆయన, ఇలా వంతులు వేసుకున్నారు. మొదటి రోజుల్లో పైపు ధార నేరుగా కొడితే పైపొర కొట్టుకుపోతుంది, అందుకని చివర వేలు అడ్డుపెట్టి చినుకుల్లా పడేట్టు చల్లమని మేస్త్రీ నేర్పాడు. పడమటి గోడ మిగతా వాటికంటే ముందు తెల్లబడుతోందని అత్తగారే కనిపెట్టారు. ఆ గోడ కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఎండను, వేడిగాలిని ఆపాక తేడా కనిపించింది. హెడ్‌రూం స్లాబు మీద సన్నని మాలుతో (సిమెంటు, ఇసుక కలిపిన ముద్దతో) మడులు కట్టి, రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి, రెండు వారాలు ఎండనివ్వలేదు. నీటికి ట్యాంకరు తెప్పించాల్సి వచ్చింది, ఆ ఖర్చును మొదటి అంచనాలో ఎవరూ రాయలేదు.

ఫలితాన్ని పరీక్షించడం కష్టం కాదు. మేకు మొనతో గోడను గీకి చూశాం. పై అంతస్తులో మేకు సన్నని మెరుపు గీత మాత్రం వదిలింది. కింది హాలులో, బిల్డరు హయాంలో చేసిన పడమటి గోడ మీద అదే మేకుతో గీకితే పొడి రాలింది, గీత గాడిగా మారింది. చెక్క పిడితో తట్టుకుంటూ పోతే రెండు చోట్ల డొల్ల శబ్దం వచ్చింది, అవి కొట్టి మళ్లీ చేయించాం. తేడా మొత్తం నీళ్లదేనని మాత్రం నేను అనను. కొట్టిన ముక్కల్ని విరిచి చూస్తే, అక్కడ వాడిన రోబో ఇసుకలో (రాయిని యంత్రంతో నలగ్గొట్టి చేసే ఇసుకలో) బూడిద లాంటి సన్నని పొడి ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. ఇసుక మంచిదై ఉంటే ఆ గోడ కొంత మెరుగ్గా ఉండేదేమో. అయినా ఒకే ఇంట్లో, ఒకే దిక్కున ఉన్న రెండు గోడల మధ్య ఇంత తేడా రావడంలో తడి పాత్ర పెద్దదేననడానికి నేను సందేహించను.

బాత్రూం నీటి పరీక్ష

పై అంతస్తు బాత్రూం పల్లపు స్లాబులో (మిగతా నేలకంటే దించి వేసిన స్లాబులో) వాటర్‌ప్రూఫింగును అలవాటున్న పనివారికే ఇచ్చాం. టైల్స్ కూడా తామే వేస్తామని ఆయన మొదట అన్నారు గాని, అక్కడ వాలు తప్పితే నీళ్లు తలుపు వైపు వస్తాయని, సరిచేయాలంటే పగలగొట్టడమే దారని చెప్పాక మానుకున్నారు. పైపులకు ప్లంబరు ప్రెషరు పరీక్ష చేస్తుండగా పక్కన నిలబడి గేజి ముల్లు దిగకపోవడం చూశారు. అసలు పరీక్షను మాత్రం పూర్తిగా వారికే వదిలాం.

పూత ఆరాక, దాని మీద పూరింపు వేయకముందు, నీరు పోయే గొట్టాలన్నీ గట్టిగా మూసి పల్లాన్ని నీళ్లతో నింపారు. అంచు దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీశారు. పక్కనే ఒక బకెట్టును కూడా నింపి దాని లోపలా గీత పెట్టారు. ఎండాకాలంలో నీరు ఆవిరవడం సహజం, బకెట్టులో ఎంత తగ్గితే పల్లంలోనూ దాదాపు అంతే తగ్గాలి. రెండో రోజు ఉదయానికి బకెట్టు గీత దగ్గరే ఉంది, పల్లంలో మాత్రం రెండు వేళ్లంత దిగింది. కింది గదిలోకి వెళ్లి టార్చి వేసి చూస్తే, స్లాబును దాటి దిగే డ్రైనేజీ పైపు చుట్టూ చేతి గాజంత వెడల్పున తడి వలయం కనిపించింది. పైపు కోసం తొలిచిన రంధ్రాన్ని మామూలు మాలుతో పూడ్చారు, ఆరాక ఆ మాలు కుంచించుకుపోయి వెంట్రుకవాసి సందు వచ్చింది. దాన్ని తొలిచి, గ్రౌటుతో (ఆరినా కుంచించుకుపోని సిమెంటు మిశ్రమంతో) నింపి, చుట్టూ మూల గట్టు కట్టి, మళ్లీ పూత వేశారు. తిరిగి నింపినప్పుడు పల్లం, బకెట్టు రెండూ ఒకే తీరున నిలిచాయి.

పూత వేసినవారే ఈ పరీక్ష చేసి ఉంటే లీకు తెలిసేది కాదని నేను అనడం లేదు. వారికి మరుసటి రోజు ఇంకో చోట పని ఉంటుంది, రెండు రోజులు ఆగడం వల్ల వారికి నష్టం. ఆగడానికి లాభం ఉన్నది ఆ ఇంట్లో ఉండబోయేవారికే.

వెనక గల్లీ బండలు

షాబాద్ బండల పరుపును ఆయన ఒక ఆదివారం స్నేహితుడితో కలిసి వేశారు. బండలు చదునుగా, సందులు సమంగా, చూడ్డానికి ముచ్చటగా వచ్చాయి. బకెట్టు నీళ్లు పోయగానే అవి ఇంటి గోడ వైపు పారి అక్కడే నిలిచాయి. తర్వాతి వారం బండలన్నీ లేపి, నీటి గొట్టంతో మట్టం తీసి, నూరు అడుగులకు అడుగు లెక్కన ప్రహరీ వైపు వాలు వచ్చేట్టు దారం కట్టి తిరిగి వేశారు. పోయింది కొంత ఇసుక, సిమెంటు, ఒక సెలవు రోజు. మొదటి ప్రయత్నంలో ఆయనకు లోపించింది నైపుణ్యం కాదు, దేని నుంచి కొలవాలో తెలియడం. అది తెలిశాక రెండోసారి పని మా మేస్త్రీ పనికి తీసిపోలేదు. పొరపాటును వెంటనే చూపించే పనులను ఇంటివారికి ఇవ్వడంలో నాకు అభ్యంతరం లేకపోవడానికి కారణం ఇదే.

రంగులు, వాటి లెక్క

లోపలా బయటా లప్పం, ప్రైమరు, రెండు కోట్ల రంగుకు పెయింటరు సుమారు 60 వేల కూలి అడిగాడు. దంపతుల ఆశ అంతా ఈ 60 వేల మీదే. నెల అద్దె 15 వేలు కాబట్టి, సొంతంగా వేసుకోవడం వల్ల గృహప్రవేశం నాలుగు నెలలు వెనక్కి పోతే ఈ ఆదా మొత్తం అద్దె కిందే పోతుందని వారి ముందు లెక్క వేసి చూపించాను. ఇద్దరు ఉద్యోగస్తులు సాయంత్రాలు, ఆదివారాలు మాత్రమే పనిచేస్తే రెండంతస్తులకు నాలుగు నెలలు పట్టడం ఆశ్చర్యం కాదు. అందుకని బయటి గోడలు, సీలింగులు, మెట్ల దారి, లప్పం పెయింటరుకు వదిలి, గదుల గోడలకు ప్రైమరు, రంగు మాత్రం వారు తీసుకున్నారు. లప్పం రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, చేయి తిరగనివారు పెట్టిన లప్పం దీపం వెలుగులో అలలుగా కనిపిస్తుంది.

కొత్త ప్లాస్టరింగులో తేమ, క్షారం తగ్గడానికి దాదాపు నాలుగు వారాలు ఆగి, ఆ మధ్య కాలంలో తలుపులు, ఫిట్టింగుల పని కానిచ్చాం. తొందరపడి వేస్తే రంగు పొక్కుతుంది, తెల్లని ఉప్పు పొర తేలుతుంది. మొదటి పడకగదిలో వారు గోడ మధ్యలో ఆగి, భోజనం చేసి వచ్చి మిగతాది వేయడం వల్ల అతుకు చార పడింది. గోడ మొదలుపెడితే మూల వరకు తడి ఆరకుండా పోవాలన్నది అక్కడ తెలిసి, ఆ గదికి మూడో కోటు వేశారు. తర్వాతి గదులు శుభ్రంగా వచ్చాయి.

పని ముగిశాక ఆమె పద్దు పుస్తకం చూసి కలిపి లెక్క తీశాం. వారు చేసిన భాగానికి పెయింటరు కూలి 22 వేలు అయ్యేది. అదనపు రంగు, రోలర్లు, నిచ్చెన అద్దె కలిపి 5 వేలు. మిగతా పనులన్నీ పూర్తయ్యాక రంగుల కోసమే ఇంకో నెల అద్దె కట్టారు, అది 15 వేలు. బ్యాంకు వాయిదాలు ఎలాగూ కట్టాల్సినవే కాబట్టి వాటిని ఇందులో చేర్చలేదు. మిగిలింది 2 వేలు. ఆదివారాలన్నీ పోసి సంపాదించింది అంతే. పిల్లలు తమ గది రంగును తామే వేసుకున్న సంతోషాన్ని నేను తక్కువ చేయను, ఆ సంతోషం కోసం వేసుకుంటామంటే నిండు మనసుతో ఒప్పుకుంటాను. దాన్ని పొదుపు అని పిలిచి, ఆ పొదుపును నమ్ముకుని ఇల్లు కొనే ధరను లెక్కగట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అంచనా కాగితంలో ఒక్క రూపాయి కూడా రాయని తడపడం, నీటి పరీక్ష, ఫొటోలు ఈ ఇంటికి చేసిన మేలు రంగులు చేసినదానికంటే చాలా ఎక్కువ.

డాబా

వాటర్‌ప్రూఫింగు పూత మీద తర్వాత ఎవరైనా మేకు దిగేసినా, ట్యాంకు దిమ్మ కట్టినా గ్యారంటీ చెల్లదు కాబట్టి, ఆ దిమ్మలు, డిష్ స్తంభం ముందే పెట్టించి, పూతను అది వేసేవారికే వదిలాం. ఎండను తిప్పికొట్టే తెల్లపూత మాత్రం దంపతులు వేశారు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానంలో 600 గజాల లోపు ఇళ్లకు ఇది ఐచ్ఛికమే, అయినా పై అంతస్తులో నిద్రపోయేవారికి దాని విలువ మే నెలలో తెలుస్తుంది. పిట్టగోడ పూర్తిగా ఉంది, పూత పలచబడితే కనిపిస్తుంది, మళ్లీ వేసుకోవచ్చు. మా రెండు ప్రశ్నలకూ ఇంత చక్కగా సరిపోయిన పని ఇంకొకటి లేదు.

బాధ్యత ఎవరిది

వర్షాకాలం మొదట్లో కింది అంతస్తు హాలులో, బీము కింద ఇటుక గోడ కలిసే చోట అడ్డంగా పగులు వచ్చింది. బిల్డరును పిలిస్తే, "మీరు గాడులు కొట్టించుకున్నారు, మీ మనుషులు సుత్తులు వాడారు, ఇక మాకు సంబంధం లేదు" అన్నాడు. పని మిగిలిన ఇళ్లలో అందరికీ ఎదురయ్యే వాదన ఇది. కొన్నవారి చేయి ఒక్కచోట పడితే చాలు, మొత్తం ఇంటి బాధ్యతను దులుపుకోవడానికి అది సాకవుతుంది.

ఇళ్ల అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి 5 ఏళ్ల లోపు నిర్మాణ లోపం, పనితనంలో లోపం బయటపడి కొన్నవారు తెలియజేస్తే, ప్రమోటరు (అంటే బిల్డరు) అదనపు సొమ్ము అడగకుండా 30 రోజుల్లో సరిచేయాలి. కానీ 500 చదరపు మీటర్లు మించని స్థలంలోని ప్రాజెక్టుకు రెరా నమోదు అక్కర్లేదు. 150 గజాలంటే సుమారు 125 చదరపు మీటర్లే. ఇంత చిన్న ఇంటి విషయంలో చట్టం చూసుకుంటుందని కూర్చోవడం కంటే ఒప్పందంలో రాయించుకోవడమే మేలు. ఈ కేసులో అప్పగింత నాడు ఇద్దరూ సంతకాలు చేసిన కాగితం ఉంది. పూర్తయిన పనులు, వాటి స్థితి, ఫొటోలు, ఆ తర్వాత కొన్నవారు చేయించబోయే పనులు అందులో గదివారీగా ఉన్నాయి. ఆ గోడ మీద గాడి ఏదీ కొట్టలేదని వైరింగు ఫొటోలు చూపించాయి. కాంక్రీటు, ఇటుక కలిసే చోట ప్లాస్టరింగు కింద పగుళ్లు రాకుండా ఉండాల్సిన జాలీ (వల) వేయలేదని, పగులు దగ్గర రెండు అంగుళాలు తొలిచి చూడగానే తేలింది. అది స్లాబు పనికి, గోడ పనికి మధ్య బిల్డరు వదిలేసిన అతుకు. గోడ పైవరస సందును తన మనిషిని పంపి అతనే బిగించి పూడ్పించాడు, జాలీ, ప్లాస్టరింగు ఖర్చు సగం భరించాడు. పూర్తి న్యాయం కాకపోయినా, కాగితం లేని చోట ఆ సగం కూడా వచ్చేది కాదు.

ఆ తర్వాత నా ఒప్పంద పత్రంలో చేర్చిన షరతులు

పని మిగిలిన ఇల్లు కొనేవారితో ఇప్పుడు సంతకాలకు ముందే కూర్చుని, ఇంటివారు చేసే ప్రతి పనికీ మొదలు, ముగింపు తేదీలు రాయిస్తున్నాను. ఆ తేదీ దాటితే పని మేస్త్రీకి పోతుంది, అద్దె లెక్క పక్కనే ఉంటుంది. తడిపే బాధ్యత ఎవరిదో, నీళ్లకు డబ్బు ఎవరిదో ప్రతి ప్లాస్టరింగు, కాంక్రీటు పనికీ విడిగా రాస్తాం. బాత్రూం, డాబా పనుల చివరి చెల్లింపును నీటి పరీక్ష తర్వాతే ఇవ్వాలన్న షరతును పనివారు మొదట వ్యతిరేకించారు. పరీక్ష రోజులను ముందే చెప్పి, ఫలితం రాగానే డబ్బు చేతిలో పెట్టడం మొదలుపెట్టాక ఒప్పుకున్నారు. ఇంటివారు పనివారితో కలిసి ఒకే గదిలో, ఒకే రోజు పనిచేయకూడదన్నది ఇంకో నియమం. పనివాడి చేతిలోని కరణిని మధ్యలో తీసుకుని చూపించబోయే యజమాని వల్ల పని చెడుతుంది, మాట కూడా చెడుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు లేకుండా సిమెంటు, లప్పం పనిలో దిగడానికి వీల్లేదని కూడా రాస్తున్నాను, తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది.

బోడుప్పల్ ఇంట్లో పై అంతస్తు రెండో బాత్రూం ఇంకా మిగిలి ఉంది. డబ్బు సమకూరాక పైపులు, వాటర్‌ప్రూఫింగు, టైల్స్ పాత పనివారే చేస్తారు. నీటి పరీక్ష, పైపు దారి ఫొటోలు, చివర్లో అద్దం, టవల్ రాడ్డు, తలుపు గొళ్లెం బిగించడం దంపతుల వంతు. టైల్స్ తామే వేస్తామని ఈసారి ఆయన అడగలేదు. పైపు చుట్టూ నింపే గ్రౌటు ఏ రకం తేవాలో, ఎంత తేవాలో మాత్రం రాయించుకుని వెళ్లారు.